తరుగు

మండపేటలో రైసుమిల్లు గుమాస్తాని.
ముప్పైయొక్క ఏళ్లుగా
బియ్యం ఒక పుస్తకంలో, తవుడు ఒక పుస్తకంలో,
ఎవరికీ చూపించకూడనివి
ఊక పుస్తకంలో రాస్తున్నాను.

ఈసారి గాలి ఎటూ వీచట్లేదు.
రాష్ట్రం మొత్తమ్మీద అర శాతం అటో ఇటో అని
టీవీలో కోటేసుకున్నాయన చెప్పిన రాత్రే
తెడ్డు గుర్తువాళ్లు కారులో వచ్చారు.
వాళ్లు తాగిన టీ గ్లాసులు కడగకముందే
గంప గుర్తువాళ్లు.
షావుకారు ఇద్దరికీ అదే కుర్చీ వేయించారు.
"కాటా ముల్లు నడిమధ్యన నిలబడ్డప్పుడు
రెండు పళ్లేల్లోనూ వెయ్యాలయ్యా.
ఒకదాంట్లో వేసినోడు మిల్లు అమ్ముకున్నాడు."
నేను ఊక పుస్తకం తెరిచాను.

అప్పట్నుంచి వీధికి నిద్ర లేదు.
కాలవ వంతెన మీద
తెడ్డాయన చెయ్యి మూడు నిలువుల పొడుగు;
తెల్లారేసరికి గంపాయన నవ్వు నాలుగు నిలువులు.
మైకు ఆటోలు రెండూ కలువపువ్వు సెంటర్లో ఎదురుపడి
దారీ ఇచ్చుకోక, నోరూ కట్టుకోక
ఏ హామీ ఎవరిదో తెలీకుండా కలిసిపోతే
పూలకొట్టు మంగతాయారు చెవుల్లో దూది కుక్కుకుని
రెండు కండువాలకీ దండలు అమ్మింది,
రొక్కానికే.
మనవరాలు ఫోన్లో కాకి కథ చూస్తుంటే
కాకి నోరు తెరిచేలోగా ఒకాయన దిగి
"మీరిచ్చే వందే మా బలం" అంటాడు
చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఆ వంద సంగతి నాకు తెలుసు.
షావుకారిచ్చిన కట్టల్ని వందలుగా విడగొట్టి
ఒక్కో వందకీ ఒక్కో పేరు రాసిపెట్టమన్నారు,
రెండు పార్టీలకీ.
అన్ని పేర్లు ఎక్కణ్ణుంచి తెచ్చేది?
హమాలీల హాజరు పట్టీ అయిపోయింది.
ధాన్యం తోలిన రైతుల చీటీలు తీశాను.
కాకర నూకరాజు, ఏడిద, కౌలు, మూడెకరాలు.
తోలినవి నలభై బస్తాలు.
ఫోను నెంబరుతో సహా.

ఆ వారమే తరుగు
బస్తాకి కిలో ఉన్నది కిలోన్నర అయింది.
"తేమ ఎక్కువుందని రాయి" అన్నారు షావుకారు.
బయట ఎండకి కళ్లాలు పెటిలిపోతున్నాయి.
తేమ అని రాశాను.

పోలింగయిన మూడో రోజు ఆకాశం నల్లబడింది.
నూకరాజు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.
"బరకాలున్నాయాండి? మిగిలిన బొండాలు
రోడ్డు మీద ఆరబోసున్నాయండి."
బరకాలన్నీ మిల్లు ధాన్యం మీదున్నాయి.
వంతెన మీంచి దించి మా గోడౌన్లో పడేసిన
ఫ్లెక్సీలు చుట్టి ఇచ్చాను.
తెడ్డాయనవి రెండు, గంపాయనది ఒకటి.
"మొకం పైకాండి, కిందికాండి?"
"నీ ఇష్టం" అన్నాను.
ఆ ఏడాది అతన్ని ఎవరైనా ఏదైనా అడిగారంటే
అదొక్కటే.

హోర్డింగు గాలికి చిరక్కుండా
ఫ్లెక్సీకి అక్కడక్కడా నెలవంకల్లా కోతలు పెడతారు.
నాకది గుర్తు రాలేదు.
రాత్రంతా వాన ఆ కోతల్లోంచే దిగింది.
మూడోనాడు ఎత్తి చూస్తే
కన్నున్న చోటా, పెదవున్న చోటా
పచ్చగా, వంకరగా, మొలకలు.

గుప్పెడు మొలకలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.
రెండో చేత్తో ఫోను చాచాడు.
"నాకు చదువు రాదండి. ఇయ్యేంటో చూడండి."
రెండు మెసేజులు. రెండు పార్టీలవీ.
'నూకరాజు గారూ, మీ విరాళానికి కృతజ్ఞతలు.'
చదివి వినిపించాను.
"నానెప్పుడిచ్చానండీ!" అని పెద్దగా నవ్వాడు.

ఇచ్చావు నూకరాజూ.
నలభై బస్తాలు, అర కిలో చొప్పున ఇరవై కిలోలు.
పేరు అబద్ధంగా రాశాననుకున్నాను గానీ
ఆ చిట్టాలో నీ ఒక్క లెక్కే సరిపోయింది.
నోటిదాకా వచ్చింది.
"కంపెనీవాళ్లు ఊరికే పంపుతుంటారులే" అన్నాను.

ఓట్ల లెక్కింపుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది.
ఇవాళ అతని తడిసిన ధాన్యం కాటాకొచ్చింది.
తేమ అని రాశాను.
ఈసారి అది నిజం.